పాము పుట్ట కాదు, చెదల పొలం

ఆకులు కత్తిరించి వరుసగా మోసుకెళ్లే చీమల రీల్స్ చూసే ఉంటారు. ఆ ఆకుల మీద అవి నేలలోపల బూజు పెంచి, దాంతో పిల్లల్ని సాకుతాయి. ఆ చీమలు ఉండేది అమెరికా ఖండాల్లోనే. కానీ అలాంటి రైతులు మన దగ్గరా ఉన్నారు. నేను చూసింది పాతబస్తీలోని ఛత్రినాకలో.

లాల్‌దర్వాజ నుంచి ఇటు వస్తే అన్నీ ఆనుకుని కట్టిన ఇళ్లే. ఆ ఇరుకులోనే ఓ చిన్న గుడి పక్కన, వేపచెట్టు కింద పుట్ట ఉంది. ఒంటినిండా పసుపు, కుంకుమ. నాగుల పంచమికి పాలు పోస్తారట. పాము పుట్ట అంటాం గానీ కట్టింది పాము కాదు, చీమలూ కాదు. చెదలు!

ఎండుటాకులు, పుల్లలు తిని, సగమే అరిగిన ఆ ముద్దతో చెదలు లోపల తుట్టెలు కడతాయి. వాటి మీద టెర్మిటోమైసిస్ అనే బూజు పెరుగుతుంది. చెక్కలో అరగని భాగాన్ని అది మెత్తబరిచాక, చెదలు తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి సేద్యం ఇది. వానలు పడ్డాక అదే బూజు పైకొచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అనే పేరులోనే పుట్ట ఉంది కదా.

ఇప్పుడు చాలాచోట్ల భక్తితోనే పుట్ట చుట్టూ టైల్స్ వేస్తున్నారు. ఆకు రాలే మట్టి లేకపోతే చెదలకు మేత దొరకదు. చెదలు పోతే పుట్టను బాగుచేసేవాళ్లుండరు, వానకు కరిగిపోతుంది. మీ గల్లీలో టైల్స్‌కి చందా అడిగితే ఇవ్వండి. కాస్త మట్టి మాత్రం వదిలేయమనండి.