సున్నపుబట్టీల రేవు

వాషింగ్టన్ రాష్ట్రమునందలి అనకోర్టెస్‌లో ఓడనెక్కి, సతతహరిత వనములతో నిండిన దీవుల నడుమ సాగి, ఫ్రైడే హార్బరున దిగి, సాన్ వాన్ ద్వీపముయొక్క వాయవ్యపు కొసనున్న రోష్ హార్బరునకు మేము చేరునప్పటికి రేవు తెల్లని విహారనౌకలతో క్రిక్కిరిసి యుండెను. జనులు హోటలు తోటలకు మరలుచుండిరి. నా చూపు మాత్రము చేరువనే నిలిచియున్న పాత సున్నపుబట్టీలను విడువలేదు. ఈ ఊరు పుట్టినది వానివలననే.

ద్వీపముకొఱకు అమెరికా, బ్రిటనులు తగవులాడుకొనిన కాలముననే బ్రిటిషు సైనికులిచ్చట సున్నపురాయిని కాల్చిరి. 1872లో జర్మను చక్రవర్తి తీర్పుతో దీవి అమెరికాకు దక్కగా, 1886లో జాన్ మెక్‌మిలిన్ అను న్యాయవాది సున్నపు కంపెనీ స్థాపించి, హోటల్ డి హారోను గూడ ఆ యేటనే కట్టించెను.

రాతిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. నీరు తగిలెనా, అది పొంగి సెగలు గ్రక్కును. తడిసిన సున్నమువలన కొయ్య ఓడలు తగులబడుటయు కలదు. గానుగసున్నముతో ఇండ్లు కట్టిన మన పెద్దలకు ఆ వేడి తెలియనిది కాదు. సున్నమునకు తడి తగులకుండుటకే కంపెనీ పీపాలు చేయుటకు వేఱొక కర్మాగారమునే నడపెను.

కార్మికుల కుటీరములు, అంగడి, నేల, సమస్తమును కంపెనీదే. కూలియు కంపెనీ చీటీలుగా వచ్చి, తిరిగి ఆ అంగడికే చేరెడిది. దీనిని పోషణమని పొగడుటకు నాకు మనసొప్పదు.

1936లో మరణించిన మెక్‌మిలిన్ తన కుటుంబమునకై అడవిలో కట్టించిన సమాధిమంటపమును చూచితిమి. గుండ్రని రాతిబల్ల చుట్టును రాతికుర్చీలు. భస్మము నిక్షిప్తమైనది ఆ కుర్చీలయందే. చుట్టునున్న స్తంభములలో నొకటి, అర్ధాంతరముగ ముగియు జీవితమునకు గుర్తుగా, విరిగినట్లే నిర్మింపబడినది. మరణానంతరమును ఇంటిల్లిపాదియు ఒక్క బల్లకడ కూర్చుండవలెనన్న ఆ కోరిక నా హృదయమును తాకెను; కాని రాయి కొట్టి, కట్టెలు మోసి, బట్టీల సెగలో బ్రతికినవారికి అట్టి మంటపమేదియు లేదు.

1956లో టార్ట్ కుటుంబము ఊరంతయు కొనిన పిమ్మట కుటీరములు విడిదిగృహములును, యజమాని యిల్లు భోజనశాలయు నైనవి. సియాటిల్ ప్రాంతమునుండి ఇచ్చటికి విహారమునకు వచ్చు తెలుగువారు, తోటకు పోవుటకు ముందు తమ పిల్లలను బట్టీలయొద్ద కాసేపు నిలిపి, రాయి సున్నమగు విధమును, ఆ పని చేసినవారి బ్రతుకును చెప్పవలసినదిగా నా విన్నపము.