క్రొత్త శిక్షకుడు

క్రొత్తగా వచ్చినవానిని ఎట్లు చూడవలయునో మనకు నేర్పిన బడి లేదు. కోడలు వచ్చినను, తాసీల్దారు వచ్చినను, పంతులు వచ్చినను మొదటి దినమున హారతి పట్టుదుము. మూడవ దినమున తప్పులెంచుటకు కూర్చుందుము. ఈ రెంటికి నడుమ ఉండవలసిన ఓపిక యను వస్తువు మన యిండ్లలో మిక్కిలి అరుదు. ఈ సంగతి మాకు బోధపడినది గ్రంథములవలన గాదు, మా కుమారుని ఫుట్‌బాలు పిచ్చివలన.

మేము గుంటూరున ఒక ఉన్నత పాఠశాలలో సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుకొని జీవించువారము. ఆటలయందు మాకు ప్రవేశము లేదు. 2019వ సంవత్సరమున హైదరాబాదు పేర నొక ఫుట్‌బాలు క్లబ్బు వెలసి ఇండియను సూపరు లీగులో చేరినది. అప్పటికి మావాడు పండ్రెండేండ్లవాడు. క్రికెట్టు తప్ప వేఱాట యెఱుగని మా వీథిలో వాడొక్కడే పసుపుపచ్చ చొక్కా తొడిగికొని, ఆ జట్టు తనదని చెప్పుకొని తిరుగుచుండెను. తొలి యేడు ఆ జట్టు 18 ఆటలాడి, రెంట మాత్రమే గెలిచి, పండ్రెంట నోడి, పది జట్లలో కడపటిదయ్యెను. పోటీలు ముగియకముందే, 2020 జనవరిలో, ఫిల్ బ్రౌను అను ఆంగ్ల శిక్షకుని పంపివేసిరి. బెంగుళూరు జట్టును 2016లో ఏ.ఎఫ్.సి. కప్పు తుదిపోరు దాక నడిపిన ఆల్బర్టు రోకా వచ్చుచున్నాడని తెలిసి మావాడు పండుగ చేసికొనెను. ఆ పండుగ యెన్నాళ్లో నిలువలేదు. ఆగస్టులో బార్సిలోనా క్లబ్బువారు ఆయనను తమ కొలువునకు పిలిచికొనిరి. ఆయన స్థానమున మనోలో మార్క్వెజ్ అను మఱియొక స్పెయిను దేశీయుడు నియుక్తుడయ్యెను.

“నాన్నా, ఈయన లాస్ పాల్మాస్ జట్టులో 2017లో కొన్ని వారాలే ఉండి రాజీనామా ఇచ్చాడట. మన జట్టునేం బాగుచేస్తాడు?” అని వాడు వాపోయెను. మేమును తలయూపితిమి. పేరులేని వైద్యునికడకు రోగిని తీసికొనిపోయినట్లే మాకును తోచినది. ఆ దినములలో కోవిడు వ్యాధిచే బడులు మూతవడియుండెను. పల్లెనుండి మా అన్నగారు వచ్చియుండిరి. ఆయన మిరప, పత్తి వేయు రైతు. మా యిరువుర సంభాషణ విని నవ్వి, “నారుమడి తడి ఆరకముందే యార్డులో ధర అడిగినట్టుంది తమ్ముడూ, మీ వరస. నారు పోసి, నాటి, నాలుగు నెలలు కాచుకుంటేగాని మొదటి కోత రాదు. ఆయన్ని ముందు నాటనివ్వండి” అనిరి.

ఆ యేటి ఆటలన్నియు గోవాలో, ప్రేక్షకులులేని మైదానములలో జరిగెను. మే మందఱము టెలివిజను ముందు కూర్చుంటిమి. క్రొత్త శిక్షకుడు ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో మొదలగు మన దేశపు పిన్నవాండ్రను నమ్మి రంగమున దింపెను. జట్టు కడపటి స్థానమునుండి అయిదవ స్థానమున కెక్కెను. కాని మొదటి నాలుగు జట్లకే మీది మెట్టు. గోవాతో తుది దినమున గెలువవలసిన ఆట గోలులేక సమమై, ఆ మెట్టు తప్పిపోయినది. ఆ రాత్రి మావాడు అన్నము ముట్టలేదు. “ఈయన్నీ మార్చాల్సిందే” అని తీర్పు చెప్పెను. క్లబ్బువారు మార్చలేదు. 2022 మార్చి 20వ తేదీన అదే శిక్షకుని జట్టు కేరళ బ్లాస్టర్సుతో తుదిపోరున తలపడి, ఒక గోలు వెనుకబడి, ఆట ముగియవచ్చిన వేళ సమము చేసి, పెనాల్టీలలో గెలిచినది. గోలుకాపరి కట్టిమణి మూడు దెబ్బల నాపెను. మా యింట కేకలు మిన్నుముట్టినవి. కొంత సేపటికి మావాడు చల్లబడి, “నాన్నా, నేనన్నట్టు పోయినేడే ఆయన్ని పంపేసి ఉంటే?” అని యడిగెను.

వాడు తన్ను తా నడిగికొనిన ప్రశ్న యది. మాకు మాత్రము అది సూటిగా గుచ్చుకొనినది. మేము అట్లు ఒకరిని పంపివేసినవారము గనుక.

పదునైదేండ్ల క్రిందట మేము వేఱొక యూరి బడిలో నుండగా అచ్చటికొక క్రొత్త ప్రధానోపాధ్యాయులు వచ్చిరి. ఆ దినమున ఉపాధ్యాయుల గదిలో పుట్టిన మొదటి ప్రశ్న “ఆయన యేమిట్లు?” అనునది. రెండవది “ఎవరి తాలూకు?” మూడవది “ఎన్నాళ్లుంటాడు?” ఆయన యేమి చేయదలచినాడని అడిగినవారు లేరు, మే మడుగలేదు. ఆయన గైడు పుస్తకములను తరగతినుండి వెడలగొట్టించిరి. దినమున కొక గంట గ్రంథాలయమున పిల్లలు తమంత చదువుకొనవలెననిరి. వారమునకు రెండు సాయంకాలములు ఆటస్థలము బాలికలదే యనిరి. మొదటి పరీక్షలో మార్కులు తగ్గినవి. ఆడపిల్ల బంతివెంట పరుగెత్తుటేమని కొందఱు తల్లిదండ్రులు వచ్చి గుమ్మమున నిలిచిరి. పైవారి కొక యర్జీ పోవలెనని నిశ్చయమైనది. బడిలో ఇంగ్లీషు చక్కగా వ్రాయువారము మేము. కావున ఆ యర్జీ మాచేత వ్రాయబడినది. అందలి యొక్కొక్క వాక్యమును చెక్కి చెక్కి నునుపుచేసితిమి. మాకు ఆయనపై ద్వేషము లేదు. తోడివారితో వేఱుపడుటకు ధైర్యము లేకపోయినది. అంతకంటె, మా వ్రాతనేర్పును అందఱు మెచ్చుకొనుచుండగా కలము నాపబుద్ధి కాలేదు.

వేసవిలో ఆయనకు బదిలీ యయ్యెను. పోవునప్పుడు గ్రంథాలయపు తాళపుచెవి మా చేతి కిచ్చి, “మాస్టారూ, అర్జీలో ఇంగ్లీషు బాగుంది. మన పిల్లలకు ఆ మాత్రం వస్తే చాలు” అనిరి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్న బాగుండెడిదని నేటికిని అనుకొందుము. రెండేండ్లకు, ఆయన కాలమున చదువ మొదలుపెట్టిన పిల్లలు మంచి ఫలితములు తెచ్చిరి. సన్మానము తరువాత వచ్చినవారికి జరిగినది. ఆ యాటస్థలమున పరుగెత్తిన బాలికలలో నొకతె నేడు వ్యాయామోపాధ్యాయిని.

క్రొత్తవానిని శంకించుట మనతో మొదలైనది కాదు. మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో కాళిదాసే, భాసాదుల వంటి ప్రసిద్ధులుండగా ఈ క్రొత్తవాని నాటకమెందుకను శంకకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది. శంక తప్పు గాదు. దేనిని గూర్చి శంకింతుమో, ఎంతకాలము పరీక్షింతుమో యనుటలో మన వివేక మున్నది.

మావాడు 2024లో వచ్చిన ఒక హిందీ చలనచిత్రము చూచి, సయ్యద్ అబ్దుల్ రహీముగారిని గూర్చి చదువ నారంభించెను. వాని పుస్తకములు మేమును చదివితిమి. రహీముగారు హైదరాబాదున బడిపంతులు. 1950నుండి అచ్చటి పోలీసు జట్టునకు శిక్షకులై, 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మాఱులు బొంబాయి రోవర్సు కప్పును గెలిపించిరి. ఆయన శిక్షణలోనే దేశపు జట్టు 1951లో ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్కులలో యుగొస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిపోయెను. మనవారిలో పెక్కురు నాడు వట్టికాళ్లతో ఆడిరి. పది గోలులు! మా వంటివారు అర్జీ వ్రాయుటకు ఇంతకంటె మంచి కారణ ముండునా? అయినను 1956లో మెల్‌బోర్నునకు జట్టును తీసికొనిపోయినది ఆ పంతులుగారే. ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, మన జట్టు నాలుగవ స్థానమున నిలిచినది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మరల స్వర్ణము తెచ్చినది. అప్పటికే కాన్సరు వ్యాధితో నున్న రహీముగారు 1963 జూనులో కన్నుమూసిరి. పది గోలులనాడే ఆయనను దేశము మఱచియుండిన, తక్కిన కథ లేదు.

అయితే ఓపిక యొక్కటే సర్వరోగములకు మందని మేము చెప్పుటలేదు. 2023లో మార్క్వెజ్ గోవాకు వెడలిపోయెను. తరువాతి యేడు హైదరాబాదు జట్టునకు జీతముల చిక్కులు, క్రొత్తవారిని చేర్చుకొనరాదను నిషేధము, నడుమనే ఆటగాండ్రు విడిచిపోవుట, అన్నియు నొకమాఱే వచ్చిపడినవి. తాంగ్‌బోయ్ సింగ్టో శిక్షకుడుగా 22 ఆటలలో ఒక్కటియే గెలిచి, జట్టు పండ్రెండవదై కడపట నిలిచెను. మావాడు ఆయనను నిందించుచుండగా మా అన్నగారు 2021–22 పంటకాలమున తమ మిరపతోటను నల్ల తామరపురుగు తినివేసిన సంగతి యెత్తి, “కౌలుదారుణ్ణి మారిస్తే పురుగు చస్తుందట్రా అబ్బాయ్?” అనిరి. 2024 డిసెంబరులో సింగ్టోయు వెడలిపోయెను. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదునే విడిచి, పేరు మార్చుకొని, ఢిల్లీకి తరలిపోయినది. మావాని పసుపుపచ్చ చొక్కా బీరువాలో నున్నది. వాడు దానిని ఎవరికి నీయనీయడు.

చదువరులారా, ఒక్క మనుష్యుడు వచ్చి మన బడిని, మన యూరిని, మన దేశమును ఉద్ధరింపవలెనని కోరుదుము. అతనికి పనిముట్టు లున్నవా, జీతము చేరుచున్నదా, అతని మాట సాగునా యని విచారింపము. ఫలము రాకున్న అతనిని మార్చి, ఏదో చేసితిమని సంతసింతుము. ఆశను ఒక్కని నెత్తిన పెట్టుట సులభము. ఆ బరువులో పాలు పుచ్చుకొనుట కష్టము.

మొన్న జూను మాసమున బడులు తెఱచిననాడు మా పాఠశాలకు క్రొత్త ప్రధానోపాధ్యాయిని వచ్చిరి. ఉపాధ్యాయుల గదిలో ఆ పాత మూడు ప్రశ్నలును వరుస తప్పక లేచినవి. మేము లేచి ఆమె గదికి పోయి, “అమ్మా, తమకు మావలన కావలసిన దేమి?” అని యడిగితిమి. ఆమె కొంచెము ఆశ్చర్యపడి, “గ్రంథాలయం తాళంచెవి ఎవరి దగ్గరుంది మాస్టారూ?” అనిరి.

అది మాయొద్దనే యున్నది. ఇచ్చివేసితిమి.