మచ్చల కుక్క వంశము

తెల్లని మేనిపై నల్లని మచ్చలు చల్లినట్లుండు డాల్మేషియన్ కుక్కను చిత్రములోనైన చూడనివారు అరుదు. పూర్వము ఇంగ్లండులో ధనికుల గుఱ్ఱపుబండ్ల ప్రక్కన ఇవి పరుగెత్తుచుండెడివి. పుట్టినప్పుడు వీని పిల్లలకు మచ్చలుండవు. కొన్ని వారములలో ఒక్కొక్కటిగా పొడసూపును. ఆ వింతను గూర్చి చదువబోయి నేనొక విచిత్రమైన కథను తెలిసికొంటిని.

లండనులో 1873వ సంవత్సరమున కెనెల్ క్లబ్బు ఏర్పడెను. కుక్కల వంశావళులను గ్రంథములలో వ్రాసియుంచు పద్ధతి అటుపిమ్మట స్థిరపడెను. తల్లిదండ్రుల పేర్లు గ్రంథమున లేనిచో పిల్లను ఆ జాతిలో లెక్కింపరు. కోరిన రూపము త్వరగా నిలుచుటకై పెంపకందార్లు తండ్రిని కూతురితోను, అన్నను చెల్లెలితోను గూడ జతపఱచుచు వచ్చిరి. అట్టి జతల పిల్లలను నమోదు చేయుట ఆ క్లబ్బు 2009లో మానివేసినది. రక్తసంబంధము గలవానిలో ఒకే దోషము దాగియుండవచ్చును; అది ఇరువైపుల నుండియు సంక్రమించినచో బయటపడును. సగోత్రమును వర్జించిన మన పెద్దలే మేనరికమును మెచ్చుకొనిరి గనుక, ఇతరులను చూచి నవ్వుటకు మనకంతగా హక్కు లేదు.

డాల్మేషియన్ల దోషము మూత్రమునకు సంబంధించినది. తక్కిన కుక్కలలో యూరికామ్లము కాలేయమున ప్రవేశించి, నీటిలో తేలికగా కరగు వేఱొక పదార్థముగా మాఱును. వీనిలో అది కాలేయకణములలోనికి సరిగా పోజాలదు. మూత్రముతో వెడలుచు, కొన్ని కుక్కలలో రాళ్లుగా గట్టిపడును. మగవాని మూత్రనాళము ఇఱుకైనది. రాయి అడ్డుపడి, చికిత్స ఆలస్యమైనచో ప్రాణమే పోవును. శుద్ధజాతి యంతటను ఈ లోపమే యుండెను. ఎంత నేర్పుతో ఎంచి జతపఱచినను ఫలమేమి? బియ్యములో రాళ్లు ఏరవచ్చును. వట్టి రాళ్లలో బియ్యమును ఏరుటెట్లు?

అమెరికాలో రాబర్ట్ షైబుల్ అను జన్యుశాస్త్రవేత్త 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ అను వేటకుక్కతో ఒక్క పర్యాయము జతపఱచెను. మంచి జన్యువు ఒకవైపు నుండి వచ్చినను చాలును గనుక, పిల్లల కా లోపము లేకపోయెను. మచ్చలు మాత్రము జాతికి తగినట్లు కుదురలేదు. అటుపిమ్మట ప్రతి తరమునను మూత్రమును పరీక్షించి, మంచి గుణము గల పిల్లలను ఏరి, మరల శుద్ధ డాల్మేషియన్లతోనే జతపఱచిరి. ఆ గుణము ప్రతిసారియు ఇంచుమించు సగము పిల్లలకే వచ్చును. పాయింటరు అంశ మొదట సగము, పిదప నాల్గవవంతు, ఆపై ఎనిమిదవవంతు. పదవ తరమునకు 1024లో ఒక వంతు. మచ్చలు మరల కుదురుకొనెను.

ఇట్టి కుక్కలను రెంటిని అమెరికన్ కెనెల్ క్లబ్బు 1981లో నమోదు చేసినది. జాతిసంఘ సభ్యులు అభ్యంతరపెట్టిరి. వాని సంతతికి నమోదు నిలిచిపోయెను. తలచినవారెల్ల తలచినట్లు కలుపుచు పోయినచో జాతియే మిగులదను భయము నిరాధారము కాదు. కాని ఇచట కలిపినది ఒక్కసారి, ఒక్క గుణము కొఱకు. లోపమునకు మూలమైన జన్యువును 2008లో కనుగొనిరి. 2011లో గాని క్లబ్బు తలుపు తెఱువలేదు. ముప్పది యేండ్లు! కుక్క ఆయుర్దాయము పండ్రెండేండ్లకు అటునిటు. గ్రంథములోని వరుసను కాపాడుటకు బ్రదికియున్న ప్రాణి అంతకాలము బాధపడవలెనా అని నాకు తోచును.

ఈ జాతికి మఱియొక చిక్కు కలదు: పుట్టుచెవుడు. అది ఆ తెల్లదనముతోనే ముడివడియున్నది. కొన్ని వారముల వయసుననే పిల్లల చెవులను యంత్రముతో పరీక్షించుచున్నారు. పాయింటరు రక్తము ఆ ముడిని విప్పలేదు.