సింగపూరులో నా తొలి దినము



మా యూరు ఉయ్యాలవాడ. నంద్యాల జిల్లాలో కోవెలకుంట్లకును ఆళ్లగడ్డకును చేరువనున్న నల్లరేగడి గ్రామము. ఆంగ్లేయుల నెదిరించి, 1847వ సంవత్సరమున కోవెలకుంట్లలో ఉరితీయబడిన నరసింహారెడ్డిగారి వలన మా యూరి పేరు లోకమున కెల్ల తెలిసినది. కాని మా యింటి స్త్రీలు పిల్లలకు మొదట చెప్పునది మఱియొక కథ. 1866వ సంవత్సరపు కరవులో మా యూరి బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొని వచ్చినవారికి వేలసంఖ్యలో అన్నము పెట్టించిరి. అందులకు విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము నొసగెను. ఆకలితో వచ్చినవారికి ముందు అన్నము పెట్టి, పిమ్మట ఊరు పేరు అడుగవలెనని మా అత్తగారు చెప్పుచుండెడివారు. అట్టి యూరి కోడలనగు నేను పరదేశమున ఒక పూట తినుట తెలియక తికమకపడితిని.

2023వ సంవత్సరము ఫిబ్రవరిలో సింగపూరులోనున్న మా అమ్మాయికి ప్రసవదినములు దగ్గరపడినవి. మా వారికి మోకాటికి శస్త్రచికిత్స జరిగి నెలయైనను కాలేదు. కావున నే నొక్కతెనే బయలుదేరవలసి వచ్చెను. అంతకుముందు ఆళ్లగడ్డ సంతకైనను ఒంటరిగా పోయి యెఱుగను. చెన్నపట్టణమున విమానమెక్కిన నాలుగు గంటలకు తెల్లవారుజామున సింగపూరు చేరితిని. అచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు నడచును. ఫోను తెఱచితినో లేదో అల్లుని సందేశము వచ్చెను. "అత్తమ్మా, రాత్రి నొప్పులు మొదలైనవి. ఆసుపత్రిలో నున్నాము, నేను రాలేను. మీరు రైలులో లిటిల్ ఇండియా స్టేషనుకు వచ్చి, ప్రక్కనున్న తేక్కా సెంటరులో కూర్చుండుడు."

నా కాళ్లు వణకినవి. బిడ్డ అచ్చట బాధపడుచుండ, తల్లి యిచ్చట దారి తెలియక నిలుచుండుట! అమ్మాయి ముందే పంపిన కార్డును ద్వారమునకు తాకించి లోపలికి పోయి, ఎక్స్‌పో అను స్టేషనులో బండి మారితిని.

బండినిండ జనమే, మాట మాత్రము లేదు. మా ఆళ్లగడ్డ బస్సులో నైనచో, ఊరు దాటకమునుపే ప్రక్కనున్నామె మన వియ్యపురాలి సంగతులు సహా అడిగి తెలిసికొనును. ఇచ్చట నన్నెవ్వరును "ఎక్కడికమ్మా?" అని యడుగలేదు. ఆ ప్రశ్న విని విని విసుగుచెందిన నాకు, ఆనాడు దాని విలువ తెలిసినది. ఆకలి వేసి సంచిలోని జొన్నరొట్టెల మూట విప్పితిని. ఎదుటనున్న ముసలమ్మ చేయి యూపి గోడమీది బొమ్మను చూపెను. బండిలో తినరాదు, త్రాగరాదు. తప్పినచో అయిదువందల డాలర్ల జుల్మానా! మూట మరల కట్టి తలవంచుకొని కూర్చుంటిని.

తేక్కా అనగా చీనావారి యొక మాండలికమున చిన్న వెదుళ్ల అడుగు అని అర్థమట. ఇప్పుడు వెదుళ్లు లేవు. ఒకవైపు కూరగాయలు, చేపలు అమ్ముచోటు. మఱియొకవైపు వరుసగా భోజనపు అంగళ్లు. పూర్వము వీథులలో బండ్లపై నమ్ముకొను వారినెల్ల 1970ల నుండి ప్రభుత్వమువారు, నీటి వసతి గల యిట్టి కట్టడములలోనికి చేర్చిరి. ఈ భోజనశాలల సంస్కృతిని 2020లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఖాళీ బల్ల యొకటి కనబడెను. దానిపై కాగితపు రుమాళ్ల పొట్లమున్నది. ఎవరో మఱచిపోయిరనుకొని ప్రక్కకు నెట్టి కూర్చుంటిని. ఇంతలో ఒక యువతి పళ్లెముతో వచ్చి నిలుచుండి నవ్వెను. అప్పుడు తెలిసినది: మనము బస్సు కిటికీలోనుండి తువాలు వేసి సీటు ఆపుకొనుట లేదా? ఇదియు నదియే! లేచి వేఱొక బల్ల వెదకికొంటిని.

ఇడ్లీలు కొని తిని, పళ్లెమచ్చటనే విడిచి లేచితిని. బల్లలు తుడుచు చీనా అవ్వ యొకతె వెనుకనుండి పిలిచెను. డెబ్బదియేండ్లు దాటియుండును. ఆమె నా పళ్లెమును చూపి, దూరముననున్న అలమరను చూపెను. అటు చూచితిని. మెడపట్టీ కట్టిన పెద్దమనిషి యొకడు తన యెంగిలి పళ్లెమును తానే మోసికొనిపోయి అందులో పెట్టుచున్నాడు! అతని వెనుక మఱి యిద్దఱు మగవారు. 2021 సెప్టెంబరు 1వ తేదీనుండి అది అచ్చట చట్టమట. మొదట హెచ్చరిక, మరల చేసినచో జుల్మానా.

ముప్పదియేండ్లుగా మా యింట అందఱి యెంగిలి కంచములు ఎత్తినదానను నేను. అందుకు నొచ్చుకొనిన దినములును కలవు. అట్టి నేనే, మా అత్తగారి యీడు స్త్రీ యెత్తునని నా యెంగిలి విడిచి లేచితిని! సిగ్గుతో పళ్లెము చేర్చి వచ్చునప్పటికి కన్నీరాగలేదు. అవ్వ యేమనుకొనెనో, నన్ను కూర్చుండబెట్టి గిన్నెడు వేడినీళ్లు తెచ్చియిచ్చెను. ఆమెకు తెలుగు రాదు, నాకు చీనా రాదు. ఒక జొన్నరొట్టె చేతిలో పెట్టితిని. వాసన చూచి నవ్వి, జేబులో దాచుకొనెను.

మధ్యాహ్నమునకు అల్లుడు వచ్చెను. ఆడుబిడ్డ; తల్లియు బిడ్డయు క్షేమము.

నెల దినములకు ఇల్లు చేరితిని. ఆ రాత్రి భోజనమై మా వారు వాడుక చొప్పున లేచిరి. నేను కదలక తేక్కా సంగతి చెప్పితిని. "ఇచ్చటగూడ జుల్మానా కలదా?" అనిరి. "కలదు," అంటిని. మోకాలు కుదిరినది గదా, నవ్వుచు వంగి కంచమెత్తిరి. నాటినుండి మా యింట నెవరి కంచము వారే యెత్తుచున్నారు.