కరెంటు పెట్టించుకొనుట

మా ప్రాంతమున కిరణచికిత్సను "కరెంటు పెట్టుట" అందురు. సగము భయమునకు ఆ పేరే మూలము. నిజమునకు అందు దేహమునకు విద్యుత్తు తగులదు. రొమ్ము కాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, కంటికానక మిగిలిన రోగకణములను బలమైన ఎక్స్ కిరణములచే నశింపజేయుటయే దాని పని.

రాయవేలూరు వైద్యమునకు పునాది స్త్రీల సంకోచమే యనవచ్చును. తిండివనమున ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు, ఇంటివారు మగవైద్యుని రానీయకపోవుటచే, ప్రసవవేదనతో మరణించిరి. అది చూచిన ఐడా స్కడ్డరు వైద్యము చదివి వచ్చి, 1900లో రాయవేలూరున చిన్న వైద్యశాల తెరచినది. ఆమె మేనకోడలు ఐడా బి. స్కడ్డరు ఎక్స్ కిరణముల వైద్యురాలై అచ్చటనే పనిచేసినది. ఆ సంకోచము నేటికిని పోలేదు. రొమ్మున గడ్డ ఉన్నదని భర్తకైనను చెప్పనివారు కలరు.

చెప్పి, శస్త్రచికిత్స చేయించుకొన్న వారికి తరువాతి చిక్కు దినముల లెక్క. జీవితమంతయు హాజరుపట్టీలు వ్రాసినవాడను గనుక ఆ లెక్క నాకు బాగుగ తెలియును. గుడియాత్తము రాయవేలూరికి సుమారు 30 కిలోమీటర్లు. మునుపు 25 దినములు కిరణములు పెట్టెడివారు. అనగా 50 ప్రయాణములు. వెంట పోవు మనిషి కూలియు పోవును. గడ్డను మాత్రము తీసి కిరణములు పెట్టినను, రొమ్మునంతయు తీసినను ఆయుర్దాయమున తేడా లేదని అమెరికాలో బెర్నార్డు ఫిషరు బృందము 1985లో ప్రకటించినది. అయినను ఈ తిరుగుడు తప్పునని రొమ్మంతయు తీయించుకొనువారు కలరు. గడ్డ పెద్దదైనను, చంకలోని గ్రంథులకు రోగము ప్రాకినను, అప్పుడును సాధారణముగ కిరణములు తప్పవు. ఈ సంగతి వారికి ముందుగా చెప్పువారు ఇంటిలో ఉండరు.

నా చెల్లెలిని గుడియాత్తమున లుంగీలు నేయువారింట ఇచ్చితిమి. ఆమెకు 15 దినములు నిర్ణయించిరి. బల్లపై పరుండునది కొద్ది నిమిషములు. ప్రయాణమునకు ఒక పూట. "అన్నా, నొప్పి లేదు, మంట లేదు, ఏం పెట్టినారో తెలియలేదు. దీనికి రోజూ పోవాలా?" అని మూడవనాడే అడిగినది. పిమ్మట చర్మము నల్లబడగా, ఈసారి భయముచే మానెదనన్నది. ఒంటిపై గీచిన గుర్తులు చెరుగునని తలంటు మానుకొన్నది గాని, వైకాశి తొలినాటి గంగమ్మ ఉత్సవమునకు మాత్రము ఇల్లు కదలనని మొండికెత్తినది. అమ్మవారి శిరస్సు ఊరేగుచుండగానే బస్సెక్కించితిని. అందుకు రెండు దినములు నాతో మాటలాడలేదు.

ఆ 15 దినములును ఇంగ్లండున జరిగిన పరిశీలనల ఫలము. 2020లో అచ్చటనే వెలువడిన మరియొక పరిశీలన, దినమునకు మోతాదు పెంచి, మొత్తము తగ్గించి, ఐదు దినములలోనే ముగించవచ్చునని తెలిపినది. అనగా 10 ప్రయాణములు! అది అందరికిని తగదు. ఎవరికి తగునో వైద్యులే నిర్ణయింపవలెను.

నిరుడు నా చెల్లెలి వీధిలో మరియొకామెకు గడ్డ తేలినది. ఆమె తొలుత అడిగినది, "ఎన్ని దినాలు పోవాల?" అనియే. "నాకు పదహైదు. నీకెన్నో డాక్టరమ్మనే అడుగుదాం, నేనూ వస్తాను" అని నా చెల్లెలు ఆమెను వెంటబెట్టుకొని పోయినది.