కొర్రబయలులో చలిమంట పక్కన

లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. అలాంటి ఊరికి డిసెంబరులో పుస్తకాల సంచీ మోసుకెళ్లాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందంటే, దాని దగ్గర్లోని చెరువులవేనం వల్ల. మబ్బుల్ని కిందికి చూడాలని తెల్లవారుజామున మూడింటికే జనం ఆ కొండెక్కుతారు. ఎక్కాక సూర్యుడు వచ్చేదాకా పనేమీ ఉండదు. అంత తీరిక ఒక్కచోట పోగుపడి ఉంటే పుస్తకం పెట్టాల్సింది అక్కడే కదా!

ఆలోచన నాది కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టారు. పడవ మెల్లగా పోతుంది, ఎక్కినవాడు మధ్యలో దూకలేడు. చేతికి పుస్తకం ఇస్తే చదవక ఏం చేస్తాడు?

కాలువ మీద లేనిదీ కొండ మీద ఉన్నదీ చలి. చేతికి తొడుగుంటే పేజీ తిరగదు, తొడుగు తీస్తే వేలు తిరగదు. గంటసేపట్లో నా దగ్గర ఒక్కరూ పుస్తకం తీసుకోలేదు. సంచీ తెచ్చి టీ కొట్టు ముందున్న చలిమంట పక్కన పెట్టి కూలబడ్డాను.

"పుస్తకాలమ్ముతారా బాబూ?" అంది టీ కాచే ఆవిడ.

"అమ్మనమ్మా. చదివి ఇచ్చేస్తే చాలు."

"అయితే నాకేటిస్తారు?"

ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసి పెట్టారు. రాయడం తేలిక. కొండెక్కి వచ్చినవాళ్లకైతే నా దగ్గర జాబితా సిద్ధం: పడాల రామారావు రాసిన అల్లూరి చరిత్ర, భూషణం 'కొండగాలి', గిరిజన విద్య కోసం పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడి 'కొన్ని కలలు, కొన్ని మెలకువలు'. అన్నీ కొండవాళ్ల గురించి కిందివాళ్లకు చెప్పే పుస్తకాలే. ఈవిడకేమివ్వాలో ఆలోచించనేలేదు.

"నాకు చదువు రాదులే," అని తనే గట్టెక్కించింది. "మనవడు చదువుతాడు."

పదేళ్ల కుర్రాడు అల్లూరి పుస్తకం తీసి, మంట వెలుగులో గొంతెత్తి చదవడం మొదలెట్టాడు. కథలో వచ్చిన చోటు చింతపల్లి. ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆ పోలీసు స్టేషన్ మీద పడి 11 తుపాకులూ, 1390 తూటాలూ, 5 కత్తులూ, 14 బాయొనెట్లూ పట్టుకెళ్లింది. ఏమేం తీసుకున్నదీ అక్కడి పుస్తకంలోనే రాసి రాజు సంతకం పెట్టాడు. గ్రంథాలయంలో కూడా ఇంత పద్ధతిగా తీసుకెళ్లేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. తిరిగిచ్చే తేదీ ఒక్కటే తక్కువ.

మంట చుట్టూ జనం మూగారు. డ్రైవర్లు, జొన్నపొత్తులు కాల్చేవాడు, దుప్పట్లు కప్పుకున్న ఇద్దరు కాలేజీ పిల్లలు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి, చెవులకు తొడుగులున్నా వింటున్నారు.

"అలాక్కాదురా," అంది ముసలావిడ ఉన్నట్టుండి. "మా తాత ఇంకోలా చెప్పేవోడు."

ఇక కుర్రాడు చదవలేదు, ఆవిడే చెప్పింది. అప్పుడు పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు గుర్తొచ్చారు. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ విని రాసుకున్నారాయన. ఇవ్వడానికి పోయినవాడు ముందు అడిగి పుచ్చుకోవడం! కువి, కొండ భాషల పిల్లలకైతే సొంత మాటల్లో తెలుగు లిపితో బడి వాచకాలు రావడం 2004 నాటి సంగతి. ఇన్నేళ్లు పట్టిందంటే తప్పు ఆ భాషలది కాదు.

ఇంతలో తూర్పు ఎర్రబడింది. జనమంతా ఫోన్లు పైకెత్తి పొగమంచు వైపు పరుగెత్తారు. ఆవిడ మాత్రం ఆపలేదు, కథ మంచి పట్టులో ఉంది. నోటుబుక్కు తెరిచి పెన్ను ఆనించాను. గీత పడలేదు. రీఫిల్లు చలికి బిగుసుకుపోయింది.

"నిప్పుల దగ్గర పెట్టు బాబూ, కదుల్తాది," అంది ఆవిడ. "నేనెక్కడికీ పోను."