మోటారు వేసేటప్పుడు ముప్పై సెకన్లు



వచ్చే ఆదివారం మీటింగులో మన గేట్ బజార్ భవనం నీళ్ల సంగతి చర్చకు వస్తోంది. మూడు నెలల్లో రెండుసార్లు పైపు జాయింటు ఊడింది. ఇప్పుడు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, 2 హెచ్‌పీ మోటారు తీసేసి 3 హెచ్‌పీ వేయించడం. రెండోది, వాచ్‌మన్‌ని మార్చడం. నేను రెండింటికీ ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పొద్దున్న మోటారు వేసిన కాసేపటికి గోడలో 'ధన్'మని ఒక చప్పుడు వస్తుంది, అందరూ వినే ఉంటారు. దాన్ని వాటర్ హామర్ అంటారు, అంటే నీటి సుత్తి. మన సంపు నుంచి పై ట్యాంకు దాకా రెండంగుళాల పైపు సుమారు 40 మీటర్లు. అందులో పట్టే నీరు దాదాపు 80 లీటర్లు. అంటే ఒక మనిషంత బరువు పరుగెత్తుకుంటూ వచ్చి ఎల్బోకి గుద్దుకున్నట్టు!

ఆ దెబ్బకి లెక్క కట్టినవాడు రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ. 1897లో మాస్కో నీటి సరఫరా గొట్టాల మీద ప్రయోగాలు చేశాడు. ఆయన సూత్రం ప్రకారం ఇనప గొట్టంలో సెకనుకి ఒక మీటరు వేగంతో వెళ్లే నీటిని టక్కున ఆపితే 10 కేజీల పైనే ప్రెషర్ లేస్తుంది. పీవీసీ కొంచెం సాగుతుంది కాబట్టి అందులో 3 నుంచి 5 కేజీలు. వేగం రెట్టింపైతే దెబ్బా రెట్టింపే. మన భవనం ఎత్తుకి నీటి బరువు వల్ల వచ్చే ప్రెషర్ రెండు కేజీలు కూడా ఉండదు. బజారులో పీవీసీ పైపుల మీద 4, 6, 10 అని వేసి ఉండేది ఈ కేజీలే. అందుకే రోజంతా బాగున్న పైపు మోటారు వేసిన నిమిషంలోనే ఊడుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. సంపులో పంపు పైన ఉన్న నాన్ రిటర్న్ వాల్వు లీకవుతోంది. రాత్రంతా పైపులో నీరు సంపులోకి దిగిపోయి గాలి నిండుతుంది. పొద్దున్న మోటారు వేస్తే ఖాళీ పైపులో నీటికి అడ్డేమీ ఉండదు, మామూలు కంటే వేగంగా పరుగెడుతుంది. పైన ఫ్లోట్ వాల్వు సగమే తెరిచి ఉంటే గాలి సులువుగా పోతుంది, నీరు పోలేదు. అక్కడే దెబ్బ. ఇప్పుడు 3 హెచ్‌పీ వేస్తే ఆ వేగం పెరుగుతుంది తప్ప తగ్గదు. డబ్బులిచ్చి పెద్ద సుత్తి కొనుక్కున్నట్టే.

మరి ఏం చేయాలి? గేట్ బజార్ వాళ్లకి గేట్ వాల్వు గురించి చెప్పాలా అని నవ్వకండి, మందు అదే. మోటారు వేసే ముందు డెలివరీ వాల్వు ఒకటి రెండు చుట్లే తెరిచి ఉంచాలి. పైపు నెమ్మదిగా నిండి గాలి పోయాక మెల్లగా పూర్తిగా తెరవాలి. మొత్తం ముప్పై సెకన్లు, మహా అయితే నిమిషం. వాల్వు పూర్తిగా మూసేసి మాత్రం మోటారు నడపకూడదు, లోపలి నీరు వేడెక్కి పంపు పాడవుతుంది. ఆపేటప్పుడు ముందు వాల్వు మెల్లగా బిగించి, వెంటనే స్విచ్ ఆపాలి. ఒక్క తిప్పుకి మూసుకునే బాల్ వాల్వు ఇక్కడ పనికిరాదు.

కాళేశ్వరం ఎత్తిపోతల్లో నంది మేడారం దగ్గర భూమి లోపల అంత పెద్ద సర్జ్ పూల్ తవ్వింది కూడా పంపులు నడిచినా ఆగినా నీటికి సర్దుకునే చోటు ఇవ్వడానికే. మనకి అంత అక్కర్లేదు, చేతిలో ఓపిక చాలు.

ఇది జాయింటు ఖర్చుతో పోయే సంగతి కాదు. నీరు ఒక్కసారిగా ఆగినప్పుడు ప్రెషర్ పెరగడమే కాదు, ఇంకోచోట బాగా పడిపోతుంది కూడా. ఆ క్షణంలో బీటలున్న పైపు బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. మన పైపు మురుగు కాలువ పక్కనుంచే పోతోంది. పెళ్లి భోజనాల్లో పిల్లలు తాగేది ఆ నీరే. కామెర్లు రావడానికి ఆ కాస్త మురుగు చాలు.

కరెంటు సంగతీ చూడాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేకపోవడం మనందరికీ గుర్తే. అన్నాళ్లు ఎండిన పైపులోకి మొదటిసారి నీరు వదిలేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. ఆటోమేటిక్ పెట్టిస్తే కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, వాల్వు దగ్గర మనిషి ఉండడు. పెట్టించాలనుకుంటే సాఫ్ట్ స్టార్టరుతోనే పెట్టించాలి.

ఇక వాచ్‌మన్. స్విచ్ ఎక్కడుందో ఆయనకి చూపించారు, వాల్వు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పని పనికి ఉద్యోగం తీసేయడం మన సంఘానికి మర్యాద కాదు.

అందుకని నా ప్రతిపాదన ఇది: స్ప్రింగ్ ఉన్న కొత్త నాన్ రిటర్న్ వాల్వు, పైపు పై కొసన ఒక ఎయిర్ వాల్వు, స్టార్టరు పక్కన ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన నాలుగు లైన్ల బోర్డు. ఒక పూట ప్లంబరుని పిలిచి వాచ్‌మన్‌కి నేర్పిద్దాం, నేనూ దగ్గరుంటాను. మూడు నెలలు చూసి, అప్పటికీ జాయింటు ఊడితే 3 హెచ్‌పీ మాట అప్పుడు ఆలోచిద్దాం.